మన గేమింగ్ గ్రూపులో అసలు పేర్లు తప్పనిసరి చేయవచ్చా?

పద్మాక్షి_గుట్ట:

అందరికీ నమస్కారం. హనుమకొండలో నేనొక చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. దానికి అనుబంధంగా, ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ అనే యాప్‌లో ఒక గ్రూపు ఉంది. హనుమకొండ, కాజీపేట, జనగామ, కరీంనగర్, మంచిర్యాల నుంచి దాదాపు మూడు వందల యాభై మంది అందులో ఉన్నారు. వారాంతాల్లో బీజీఎంఐ అనే ఫోన్ షూటింగ్ ఆటలో కస్టమ్ రూములు (మా వాళ్ల కోసమే వేసే మ్యాచ్‌లు) వేస్తాము, అప్పుడప్పుడు వాలరెంట్ అనే కంప్యూటర్ షూటింగ్ ఆట టోర్నమెంట్ పెడతాము. సభ్యుల్లో సగానికి సగం ఇంటర్, డిగ్రీ పిల్లలు. ఎవరికి నచ్చిన పేరు వారు పెట్టుకొని ఆడుకోవడం మొదటి నుంచీ అలవాటు.

రెండు నెలల క్రితం ఒక ఆదివారం రాత్రి కస్టమ్ రూము నడుస్తుండగా, అంతకు గంట ముందే గ్రూపులో చేరిన ఒక అకౌంటు నుంచి ఎవరో వాయిస్‌లోకి వచ్చి, జట్టులో ఉన్న ఒక అమ్మాయిని రాయడానికి వీలులేని మాటలు అన్నాడు. ఆ అకౌంటును తీసేశాను. పది నిమిషాలు కాకముందే అదే గొంతు ఇంకొక పేరుతో వచ్చింది. దాన్నీ తీసేస్తే మూడోది వచ్చింది. చివరికి ఆ రాత్రి వాయిస్ చానెల్ మొత్తాన్ని మూసివేయవలసి వచ్చింది. మరునాడు ఆ అమ్మాయి తండ్రి సెంటరుకు వచ్చి, కోప్పడకుండా, కుర్చీలో కూర్చొని ఒకే ప్రశ్న అడిగారు: “మీ దగ్గరికి వచ్చేవాడు ఎవడో మీకే తెలియకపోతే మా పిల్లను ఏ ధైర్యంతో పంపాలి?” నా దగ్గర జవాబు లేదు.

అందుకని వచ్చే నెల 15 నుంచి సభ్యులందరూ ఆధార్‌లో ఉన్న పేరునే గ్రూపులో కనబడేలా పెట్టుకోవాలని, ఆధార్ ఫొటో నాకు పంపాలని ఒక నోటీసు తయారుచేశాను. దాన్ని ప్రింటు తీసి సెంటరు గోడకు కూడా అంటించాను. ముసుగు తీస్తే నోరు అదుపులో ఉంటుందని నా ఆలోచన. అయితే పాత ఆటగాళ్లలో కొందరు, ముఖ్యంగా అమ్మాయిలు, ఈ నిబంధన వస్తే తాము వెళ్లిపోతామని చెబుతున్నారు. ఎవరి కోసం ఈ పని చేస్తున్నానో వారే ఎందుకు వద్దంటున్నారో నాకు సరిగా అర్థం కాలేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కాజీపేట_జంక్షన్:

అన్నా, ఈ ప్రయోగం మీకంటే ఎంతో పెద్దవాళ్లు చేసి చేతులు కాల్చుకున్నారు. 2010లో నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాణ్ని కాబట్టి ఆ మూడు రోజులు నాకు బాగా గుర్తు. ఆ ఏడాది జూలై 6న, ఆ ఆటను తయారుచేసిన బ్లిజర్డ్ అనే అమెరికా సంస్థ ఒక ప్రకటన చేసింది. వాళ్ల కొత్త ఆట స్టార్‌క్రాఫ్ట్ 2 విడుదలకు మూడు వారాలే ఉంది. ఇకపై తమ చర్చావేదికలో ఎవరు ఏం రాసినా పక్కన వారి అసలు పేరు, ఇంటిపేరు కనబడతాయని, దానివల్ల తిట్లూ కవ్వింపులూ తగ్గుతాయని అందులో చెప్పింది. దాదాపు మీరు చెప్పిన కారణమే. ఇందులో భయపడవలసింది ఏమీ లేదని చూపించడానికి ఆ సంస్థ ఉద్యోగి ఒకరు తన అసలు పేరును అక్కడే రాశారు. ఆ ఒక్క పేరు పట్టుకొని జనం కొద్దిసేపట్లోనే ఆయన ఫోన్ నంబరు, చిరునామా వంటి వివరాలు వెతికి బయటపెట్టారు. ఆటగాళ్ల నిరసన పేజీలకు పేజీలు సాగింది. జూలై 9న సంస్థ అధిపతి మైక్ మోర్‌హైమ్ స్వయంగా ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రకటించారు.

ఇది ఒక కంపెనీ చేసిన ప్రయోగం. ఇదే పనిని ఒక దేశం చట్టంగా చేసి చూసింది. దక్షిణ కొరియాలో 2007 నుంచి పెద్ద వెబ్‌సైట్లలో ఏదైనా రాయాలంటే ముందు తాము ఎవరో నిరూపించుకోవాలని చట్టం ఉండేది. మొదట రోజుకు మూడు లక్షల మంది చూసే సైట్లకు, తరువాత లక్ష మంది చూసే సైట్లకు దాన్ని వర్తింపజేశారు. అక్కడ స్టార్‌క్రాఫ్ట్ పోటీలు టీవీలో వచ్చేవి, అంటే ఆటగాళ్లకు కొదవలేని దేశం. 2012 ఆగస్టు 23న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. దురుసు రాతలు చెప్పుకోదగినంతగా తగ్గిన దాఖలా లేదని, జనం విదేశీ సైట్లకు తరలిపోయారని న్యాయమూర్తులు అన్నారు.

మీరు గమనించవలసింది ఇంకొకటి ఉంది. అలా పోగుచేసిన వివరాలు ఒకచోట కుప్పగా పడి ఉంటాయి, కుప్ప ఉన్నచోటికి దొంగ వస్తాడు. 2011 జూలైలో కొరియాలో నేట్, సైవరల్డ్ సైట్ల నుంచి మూడున్నర కోట్ల మంది వివరాలు పోయాయి. అదే ఏడాది నవంబరులో మేపుల్‌స్టోరీ అనే ఆట ఆడేవారిలో కోటీ ముప్పై రెండు లక్షల మంది వివరాలు పోయాయి. వాటిని కాపాడటానికి ఆ కంపెనీలకు ఇంజినీర్ల బృందాలే ఉండేవి. మీ ఆధార్ ఫొటోలు ఎక్కడ ఉంటాయి అన్నా? కౌంటరు మీది కంప్యూటర్‌లోనా, మీ ఫోన్ గ్యాలరీలోనా?

లష్కర్_బజార్:

నేను ఆటగాణ్ని కాను, పదో తరగతి చదివే ఒక ఆటగాడి తండ్రిని. పై జవాబు చదివాను. కొరియా సంగతి కొరియాకే వదిలేద్దాం. మా వీధిలో రచ్చబండ దగ్గర కూర్చొని ఎవరైనా ఒక ఆడపిల్లను అంత మాట అంటే, వాడు ఫలానా వారి అబ్బాయి అని అందరికీ తెలుస్తుంది, సాయంత్రానికి వాళ్లింటికి పెద్దమనుషులు వెళతారు. ఆ భయమే మనిషిని ఆపుతుంది. రాత్రి పదకొండు గంటలకు మా వాడు చెవులకు హెడ్‌సెట్ పెట్టుకొని ‘డెత్ కింగ్’ అనే వాడితో మాట్లాడుతుంటే, ఆ డెత్ కింగ్ వయసు పద్నాలుగో నలభయ్యో తెలియని నాకు నిద్ర ఎలా పడుతుందో పిల్లలు లేనివారికి చెప్పినా అర్థం కాదు.

మాకు ఒక దెబ్బ కూడా తగిలింది. గత వేసవిలో మా వాడికి ఒకడు ఆటలోనే పరిచయమై, మంచి మంచి స్కిన్‌లు (ఆటలో వేసుకునే వేషాలు) ఉన్న తన ఐడీని, అంటే ఆట అకౌంటును, 4,500 రూపాయలకు అమ్ముతానన్నాడు. మా వాడు వాళ్లమ్మ ఫోన్ నుంచి డబ్బు పంపాడు. పంపిన నిమిషంలో వాడు బ్లాక్ చేశాడు. మాకు సంగతి తెలిసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసేసరికి మూడు రోజులు గడిచిపోయాయి. అప్పటికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. “ముక్కూ ముఖం తెలియని వాడికి ఎట్ల పంపినవురా?” అని అడిగితే మా వాడు, “తెలుసు నాన్నా, ఆధార్ ఫొటో పంపిండు” అన్నాడు. తరువాత తెలిసింది, ఆ ఆధార్ వేరే రాష్ట్రంలోని ఎవరో పెద్దాయనది.

కాబట్టి పద్మాక్షి గుట్ట గారు నోటీసు తీయవద్దని నా మనవి. పేర్లు అందరికీ కనబడాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి, కానీ నిర్వహించే మనిషికి మాత్రం ఎవరు ఎవరో తప్పనిసరిగా తెలిసి ఉండాలి.

నిశ్శబ్ద_స్నైపర్:

మీరు అర్థం కాలేదన్న విషయం గురించే రాస్తాను. నేను వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను, ఆరేళ్లుగా ఆడుతున్నాను. నా గేమ్ పేరు చూసి నేను అమ్మాయినని ఎవరూ పోల్చుకోలేరు, పోల్చుకోకూడదనే అలా పెట్టుకున్నాను. తెలియనివారితో ఆడేటప్పుడు మైక్ ఆన్ చేయను. “ఎడమ పక్క మెట్ల మీద ఇద్దరు” అని చెప్పడానికి నోటితో ఒక్క క్షణం చాలు, నేను మాత్రం మ్యాప్ మీద గుర్తు పెట్టి, టైప్ చేసి చెబుతాను. ఆ లోపు మా జట్టులో ఒకరు చనిపోతారు. ఇది నేను రోజూ కట్టే సుంకం. అసలు పేరు పెట్టమంటే సుంకం పెరుగుతుంది, అంతే తేడా.

రెండేళ్ల క్రితం ఒక టోర్నమెంటులో (మీది కాదు) నిర్వాహకులు జట్ల పట్టికను అసలు పేర్లతో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. అరవై నాలుగు పేర్లలో ఆడపిల్ల పేరు నాదొక్కటే. ఆ రాత్రి తెల్లవారేలోగా నాకు నలభై దాకా రిక్వెస్టులు వచ్చాయి. అందులో చాలావరకు అమాయకమైనవే, “హాయ్, మీరు బాగా ఆడతారు” వంటివి. ఒకడు మాత్రం పేరును బట్టి కాలేజీ, కాలేజీని బట్టి హాస్టల్ కనుక్కొని, మా హాస్టల్ గేటు ఫొటో తీసి నాకు పంపాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆ ఫొటోలో గేటు పక్కన మేము రోజూ టీ తాగే బండి కూడా ఉంది. మూడు వారాలు నేను ఆ బండి దగ్గరికి వెళ్లలేదు.

వాడు దొరికాడు. ఏ ముసుగూ లేదు, సొంత ఫొటో ఉన్న సొంత అకౌంటు నుంచే పంపాడు. మా కాలేజీలోనే మా కంటే ఒక ఏడాది పెద్దవాడు. లష్కర్ బజార్ అంకుల్, మీరు చెప్పిన రచ్చబండ భయం వాణ్ని ఆపలేదు, ఎందుకంటే అది తప్పని వాడికి అనిపించనే లేదు. వాళ్లింటికి ఎవరైనా వెళ్లినా “మగపిల్లలన్నాక ఏదో సరదా” అనే మాటే వినపడేది. పేరు తెలియడం వల్ల ఎవరికి ఎంత భయం కలుగుతుందో ఇద్దరి వైపు నుంచీ లెక్క కట్టండి. తిట్టేవాడి పేరు బయటపడితే వాడికి కొంత సిగ్గు, పడేదాని పేరు బయటపడితే ఆమె ఇంట్లో ఆట బంద్, కొన్ని ఇళ్లలో ఫోన్ కూడా బంద్.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్:

సింగరేణిలో పని చేస్తాను, సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చాక ఒక గంట ఆడితే గాని నాకు నిద్ర రాదు. చెల్లెలు రాసినదానికి ఒక విషయం కలుపుతాను. అమెరికాలో వాళ్లు అసలు పేరు పెట్టాలా వద్దా అని వాదించుకున్నప్పుడు వాళ్ల భయం చిరునామా బయటపడుతుందని. మన దగ్గర పేరులోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. తెలుగువాడి పూర్తి పేరు చెబితే ఇంటిపేరును బట్టి కులం, పేరును బట్టి మతం, రెండూ కలిపితే ఒక్కోసారి ఊరు కూడా తెలిసిపోతాయి. ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు పెట్టమంటే, బడి రిజిస్టరులో ఉన్న ఇంటిపేరు మొత్తం తెర మీదికి వస్తుంది.

ఒకసారి కొత్త జట్టుతో ఆడుతున్నాను. పేరు బయటే ఉంది, నేనూ పట్టించుకోలేదు. మూడు మ్యాచ్‌లు గెలిచాము, అందరూ అన్నా అన్నా అంటున్నారు. నాలుగో మ్యాచ్‌కు లాబీలో ఎదురుచూస్తుండగా ఒక కుర్రవాడు చాలా మర్యాదగానే అడిగాడు: “అన్నా, మీ ఇంటిపేరుతోటి మా ఊర్ల గూడ ఉన్నరు. మీరు ఏ కులపోల్లు?” నేను చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తరువాత అన్నా అనే మాట ఎవరి నోటా రాలేదు, ఐదో మ్యాచ్‌కు పిలుపూ రాలేదు. ఇక మా జట్టులో ఒక ముస్లిం తమ్ముడు ఉన్నాడు. ఓడిపోయిన ప్రతి మ్యాచ్ తరువాత, పేరు కనబడితే వాడు ఏమేం వింటాడో ఇక్కడ రాయను. ‘ఫాల్కన్’ అని పెట్టుకున్న రోజున వాణ్ని అందరూ ఆటను బట్టే తిడతారు. అది వాడికి హాయి. తిట్టేది గురి తప్పినందుకైతే రేపు ప్రాక్టీసు చేసి సరిదిద్దుకోగలడు, పుట్టుకను ఏం చేయగలడు?

ఇప్పుడు అసలు సంగతి. ఆ రాత్రి వచ్చినవాడి బలం పేరు దాచుకోవడంలో లేదు. పేరు పారేయడం వాడికి ఉచితం కావడంలో ఉంది. ఒకే రాత్రి మూడు అకౌంట్లు అని మీరే రాశారు కదా. నన్ను ఈ పేరుతో మీ గ్రూపులో నాలుగేళ్లుగా చూస్తున్నారు. నా అసలు పేరు మీలో ఒక్కరికీ తెలియదు, అయినా ఎవరినైనా ఒక మాట అనాలంటే నేను ఆలోచిస్తాను, ఎందుకంటే ‘నైట్‌షిఫ్ట్’ అనే పేరు పోతే నాలుగేళ్ల పలుకుబడి పోతుంది. కాబట్టి పేరును ఖరీదైనదిగా చేయండి. బీజీఎంఐలో రీనేమ్ కార్డు వాడి పేరు ఎన్నిసార్లు మార్చుకున్నా, ప్రొఫైల్‌లో ఉండే అంకెల ఐడీ మారదు. చేరేటప్పుడు ఆ అంకెలు రాసుకోండి. ముప్పయ్యో లెవెల్ దాటని అకౌంటును చేర్చుకోకండి, ఆ లెవెల్‌కు రావాలంటే రోజుల తరబడి ఆడాలి. కొత్తవాడికి మొదటి వారం మాట్లాడే హక్కు ఇవ్వకండి, వినడానికే ఉండనివ్వండి. తిట్టి వెళ్లిపోవడానికి వచ్చినవాడు వారం రోజులు కూర్చొని వినడు.

అంకుల్, మీ అబ్బాయి మోసపోయింది పేరు తెలియక కాదు, ఒక పేరు చూపించారు కాబట్టి. ఆ పెద్దాయన ఆధార్ ఫొటో మోసగాడి చేతికి ఎలా వచ్చి ఉంటుంది? మన అన్న లాంటి మంచివాడే ఎవరో ఏదో అవసరానికి అడిగి తీసుకొని ఫోన్‌లో ఉంచుకొని ఉంటాడు. మూడు వందల యాభై మంది ఫొటోలు తీసుకుంటే రేపు వాటితో ఎన్ని ఐడీలు అమ్ముతారో!

కాజీపేట_జంక్షన్:

నైట్‌షిఫ్ట్ అన్న చెప్పినదానికి చట్టం వైపు నుంచి రెండు ముక్కలు. ఆధార్ చట్టంలో ప్రైవేటు వ్యక్తులు ఒప్పందం పేరుతో ఆధార్ అడిగేందుకు వీలు కల్పించిన భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో కొట్టివేసింది. 2019 సవరణ తరువాత కూడా, ఎవరైనా ఇష్టపూర్వకంగా ఇస్తే అది వేరు గాని, ఇవ్వకపోతే చేర్చుకోనని మీరు పట్టుబట్టడం చిక్కే. రెండోది, మీ సభ్యుల్లో ఇంటర్ చదివే పిల్లలు ఉన్నారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావాలంటుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలుకు గడువు ఇచ్చారు. గడువు ఉందని ఇప్పుడు కుప్ప పోసుకోవడం తెలివైన పని కాదు.

మారుపేరు వెనుక ఉన్నవాణ్ని ఎవరూ పట్టుకోలేరన్నది కూడా అపోహే. ఐపీ అడ్రసు, సిమ్ కార్డు, డబ్బు నడిచిన ఖాతా, వీటిని అడిగి తీసుకునే అధికారం పోలీసులకు ఉంది. పైగా తన పేరు తెలియకుండా దాచుకొని బెదిరించేవారికి భారతీయ న్యాయ సంహితలోని 351వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం మామూలు బెదిరింపు శిక్షకు అదనంగా రెండేళ్ల వరకు జైలు చెబుతోంది. మీరు చేయవలసింది ఆ రాత్రి రికార్డింగు, అకౌంటు ఐడీ, సమయం దాచి ఉంచడం. చాలామంది నిర్వాహకులు కోపంలో ముందు అకౌంటును, దానితోపాటు సందేశాలన్నింటినీ చెరిపేస్తారు, సాక్ష్యం దానితోనే పోతుంది.

లష్కర్_బజార్:

ఆధార్ ఫొటో గురించి నైట్‌షిఫ్ట్ గారు అన్నది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ అడగమని చెబుదామనుకున్నాను గాని, దానిలోనూ పేరు, ఫొటో ఉంటాయి కదా. అమ్మాయి రాసిన గేటు ఫొటో సంగతి చదివి మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. లెవెల్ ముప్పై దాటిన నలభై ఏళ్ల మనిషి ఉండడా? వారం రోజులు ఓపికగా వినే చెడ్డవాడు ఉండడా? పిల్లలకు గాలం వేసేవాడికి ఓపికే పెట్టుబడి. తండ్రిగా నాకు కావలసింది, ఏదైనా జరిగితే ఫోన్ చేసి “వీడు ఎవడు?” అని అడగడానికి ఒక మనిషి, ఆ మనిషి దగ్గర ఒక జవాబు.

పద్మాక్షి_గుట్ట:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి సెంటరు మూసేముందు మీ జవాబులన్నీ మళ్లీ చదివాను. ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. అందరూ అసలు పేర్లు పెట్టాలా అని అడిగిన నేను కూడా ఇక్కడ గుట్ట పేరుతోనే అడిగాను. ఈ ప్రశ్న అడిగినట్లు మా సెంటరుకు వచ్చే తల్లిదండ్రులకు తెలియకూడదనుకున్నాను. ఆ మాట రాస్తున్నప్పుడే నాకు నవ్వు వచ్చింది.

గోడ మీది నోటీసు తీసేశాను. ఇప్పటికే పదకొండు మంది ఉత్సాహంగా ఆధార్ ఫొటోలు పంపారు, వాటిని వారి ఎదుటే ఫోన్ నుంచి తొలగించాను, వాట్సాప్‌లో వారి వైపు నుంచి కూడా తీసేయమని చెప్పాను. బదులుగా ఈ ఆదివారం నుంచి ఇలా అనుకుంటున్నాము. పేరు ఎవరి ఇష్టం వారిదే, అయితే టోర్నమెంటు సీజన్ మధ్యలో మార్చడానికి వీల్లేదు. బీజీఎంఐ అంకెల ఐడీ తప్పనిసరి. కొత్తవారికి మొదటి వారం మైక్ ఉండదు. జట్ల పట్టికలో ఎప్పుడూ గేమ్ పేర్లే వేస్తాము.

లష్కర్ బజార్ గారు అడిగినదానికి నా దగ్గర సగం జవాబే ఉంది. పద్దెనిమిది దాటిన పాత సభ్యుల్లో ఎవరైనా, పెద్దల చానెల్ నుంచి వేరుగా ఉండే పిల్లల వాయిస్ చానెల్‌లోకి రావాలంటే ఒక్కసారి సెంటరుకు స్వయంగా వచ్చి నాకు ముఖం చూపించి వెళ్లాలి. కాగితం ఏదీ తీసుకోను. మంచిర్యాల నుంచి దీనికోసం ఎవరు వస్తారని మా తమ్ముడు అంటున్నాడు, రానివారు పెద్దల చానెల్‌లోనే ఆడుకుంటారు. ఓపికగా గాలం వేసేవాణ్ని ఇది ఆపుతుందని నేను మాట ఇవ్వలేను సార్. మీ అబ్బాయి ఆడేటప్పుడు మాత్రం చానెల్‌లో నేనో మా తమ్ముడో ఉంటాము, మా ఇద్దరి ఫోన్ నంబర్లు తల్లిదండ్రులందరికీ ఇస్తాము.

నిశ్శబ్ద_స్నైపర్ గారూ, మీరు ఒప్పుకుంటే ఒక సహాయం అడగాలి. ఆ రాత్రి వాయిస్‌లో నేను చేసిన తప్పు ఏమిటంటే, వాడిని తీసేయడంలో పడి ఆ అమ్మాయితో పది నిమిషాల దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఫిర్యాదులు వినే మోడరేటర్లలో ఒక్క ఆడపిల్ల కూడా లేదని నాకు ఇప్పుడు అర్థమైంది. మీ పేరు నాకు చెప్పవలసిన అవసరం లేదు, మైక్ ఆన్ చేయవలసిన అవసరం అసలే లేదు.

నిశ్శబ్ద_స్నైపర్:

శని, ఆదివారాలు రాత్రి తొమ్మిది నుంచి పదకొండు వరకు ఉండగలను. ఆ అమ్మాయి తిరిగి వస్తే, ఆమెకు అభ్యంతరం లేకపోతే, మొదటి మ్యాచ్ నా జట్టులో వేయండి.